సీసాలో నిలవని జీవి కోసం

నేను పనిచేసిన డిగ్రీ కళాశాల జంతుశాస్త్ర మ్యూజియంలో, రెండో అరలో ఎడమవైపు నుంచి నాలుగో సీసా మీద 'టీనోఫోరా' అని చీటీ ఉండేది. జెల్లీ చేపల్లా ఒళ్లంతా పారదర్శకంగా ఉండే సముద్రజీవుల వర్గం పేరు అది. సీసాలో ఫార్మలిన్ తప్ప ఏమీ ఉండేది కాదు. అడుగున బియ్యం కడిగిన నీళ్ల మడ్డిలాంటిది కాస్త పేరుకుని ఉండేది, అంతే. ఏటా ఆ అర తుడిచేటప్పుడు మా అటెండరు, "ఇందులో ఏమీ లేదు మేడం, కడిగి ఇంకో దానికి వాడుకుందామా?" అని అడిగేవాడు. ఏటా నేను వద్దనేదాన్ని. ఈ జాతిలో చాలావాటిని ఫార్మలిన్‌లో వేస్తే కరిగిపోతాయి కాబట్టి, ఖాళీ సీసాయే సరైన నమూనా అని నా వాదన. పిల్లలు నవ్వేవారు.

ముప్ఫై ఒక్క ఏళ్లు ఆ జీవి బొమ్మను నల్లబల్ల మీద వేశాను. ఒక గుండ్రం. దాని మీద పుచ్చకాయ చారల్లా ఎనిమిది నిలువు గీతలు. రెండు పక్కలా రెండు పొడుగాటి స్పర్శకాలు. అడుగున నోరు. గీతల దగ్గర బాణం వేసి 'కంకత ఫలకాలు' అని రాసేదాన్ని. కంకతం అంటే దువ్వెన అని చెప్పగానే వెనక బెంచీలో ఎవరో ఒకరు జేబులోంచి దువ్వెన తీసి చూపించేవారు. పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్న. అంత చెప్పిన నేను ప్రాణంతో ఉన్నదాన్ని ఒక్కటంటే ఒక్కదాన్ని చూడలేదు. కాకినాడలో పుట్టి పెరిగి, బంగాళాఖాతంలోనూ ఇవి ఉంటాయని తెలిసి కూడా! వలలో పడితే చితికి జిగురైపోయేదాన్ని ఏ పడవవాడు తెచ్చి ఇస్తాడు?

ఈ వేసవిలో మసాచుసెట్స్‌లో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్లాం. "నయాగరా అయిపోయింది, న్యూయార్కు అయిపోయింది, ఇంకేం చూస్తావు అమ్మా?" అని అడిగింది. వుడ్స్ హోల్ అన్నాను. సముద్రజీవుల పరిశోధనకు పేరున్న తీరపు ఊరు అది. మా అల్లుడు ఫోనులో వెతికి, మర్యాదగానే, "అక్కడ ఏముంటుంది అత్తయ్యగారూ?" అన్నాడు. మావారు మాత్రం, "పేరే చెక్కల కన్నం. ఏముంటుంది?" అని తేల్చేశారు. ఆ తీరంలో రెండు భూముల మధ్య నీళ్లు పరుగెత్తే ఇరుకు దారిని 'హోల్' అంటారట. ఆ సంగతి ఆయనకు అక్కడికి వెళ్లి, ఆ ప్రవాహాన్ని చూశాకనే నమ్మకం కలిగింది.

ఆగస్టు 22, శుక్రవారం: ఫాల్మత్

ఆ రోజు పోలాల అమావాస్య. కంద మొక్కకు పూజ చేసుకోవాలి. మసాచుసెట్స్‌లో కంద మొక్క ఎక్కడ దొరుకుతుంది? ఇండియన్ దుకాణంలో కొన్న కంద దుంపకే పసుపు రాసి, తోరం కట్టి అమ్మాయి చేత పూజ చేయించాను. నైవేద్యం గారెలు నలభై అయ్యాయి. పాతిక గారెలు డబ్బాలో మాతోపాటు, వుడ్స్ హోల్ ఉన్న కేప్ కాడ్ తీరానికి ప్రయాణం కట్టాయి. ఈ యాత్ర మొత్తంలో మావారు మనస్ఫూర్తిగా తిన్నవి అవే.

ఫాల్మత్ ఊరు చేరేసరికి సాయంత్రం నాలుగు. సామాను పడేసి నేరుగా ఒడ్డుకు వెళ్లాను. ఎరిన్ తుఫాను తీరం తాకకుండా బయటి సముద్రం మీదుగా వెళ్లిపోతోంది. మాకు దాని తోక గాలి మాత్రం తగిలింది. నీళ్లు ఇసుక కలిసి బూడిద రంగులో కదులుతున్నాయి. వందల మైళ్ల అవతలి తుఫాను మీద కోపం తెచ్చుకోవడం వింతగా ఉంటుంది గానీ, నాకు వచ్చింది. నేను వెతుకుతున్న జీవిలో నూటికి తొంభై అయిదు పాళ్లకు మించి నీరే. పైన నీరు అల్లకల్లోలమైతే ఒళ్లు చిరిగిపోకుండా లోతుకు దిగిపోతుంది. అంటే ఈ రోజుకు లేదు. మనవడికి ఎనిమిదేళ్లు. "అమ్మమ్మా, నువ్వు చెప్పినది ఇదేనా?" అని ఒక పాలిథిన్ సంచి ముక్క పట్టుకొచ్చాడు.

రాత్రి భోజనం రేవు పక్కన ఒక చిన్న హోటల్లో. క్లామ్ చౌడర్ అనే సూపు తెప్పించారు. మీగడ వేసిన గంజిలో బంగాళదుంప ముక్కలు, గుల్లల మాంసం. ఒక చిన్న గిన్నె తొమ్మిది డాలర్లు. మా కాకినాడ తీరంలో బుడితగుల్లలు రాశులుగా సున్నం బట్టీలకు పోవడం చూసి పెరిగినదాన్ని, వాటి దాయాదులకు ఇంత గౌరవం దక్కడం చూసి ముచ్చటేసింది. రుచి బాగుంది. కాస్త మిరియాల పొడి ఎక్కువ వేసుకుంటే ఇంకా బాగుంది. పెద్ద రొయ్యలాంటి జీవి మాంసం బన్నులో పెట్టి ఇచ్చే లాబ్‌స్టర్ రోల్ ముప్ఫై నాలుగు డాలర్లు. మావారు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. ఆయన నోట్లోంచి లెక్క దానంతట అదే వస్తుంది: "రెండు వేల తొమ్మిది వందల యాభై రూపాయలు. ఒక బన్ను." డబ్బు కట్టే తెర మన వైపు తిప్పి పెడతారు. అందులో టిప్పుకు మూడు గళ్లు: పద్దెనిమిది, ఇరవై, ఇరవై రెండు శాతం. ఎదురుగా ఆ అమ్మాయి నవ్వుతూ నిలబడి ఉంటుంది. మావారు జీవితంలో మొదటిసారి వడ్డీ రేటు బేరం చేయకుండా మధ్య గడి నొక్కారు.

ఆగస్టు 23, శనివారం: వుడ్స్ హోల్

పొద్దున గాలి పడిపోయింది. ఫాల్మత్ నుంచి వుడ్స్ హోల్ నాలుగు మైళ్లే గానీ మేము చేరడానికి గంట పట్టింది. కారణం, ఊళ్లోకి దిగే మలుపులో అల్లుడు వెళ్లవలసిన వరుస కాకుండా పక్క వరుసలోకి వెళ్లాడు. ముందు కార్లు, వెనక కార్లు. పది నిమిషాల తరువాత మెరిసే పసుపుపచ్చ చొక్కా వేసుకున్న పెద్దాయన కిటికీ దగ్గరకు వచ్చి టిక్కెట్లు అడిగాడు. అది మార్థాస్ విన్‌యార్డ్ దీవికి వెళ్లే ఓడ వరుస! ఇంకో అయిదు నిమిషాలు గమ్మున కూర్చుంటే కారుతో సహా సముద్రం దాటేవాళ్లమేమో. ఆ పెద్దాయన విసుక్కోలేదు. రెండు గొలుసులు తీయించి, నాలుగు కార్లను వెనక్కి జరిపించి మమ్మల్ని బయటకు పంపాడు. జరిగిన కార్లవాళ్లు ఒక్కరూ హారన్ కొట్టలేదు. ఒకావిడ చెయ్యి ఊపింది కూడా. కారు నిలపడానికి చోటు దొరికేసరికి ఇరవై డాలర్లు, ముప్పావుగంట ఖర్చు.

ఊరంటే ఒక్కటే వీధి. పేరు వాటర్ స్ట్రీట్. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఈల్ పాండ్ అనే ఉప్పునీటి మడుగు. ఆ మడుగులోకి పడవ రావాలంటే వీధి మధ్యలోని వంతెన పైకి లేవాలి. లేచినంతసేపూ ఊరంతా ఆగుతుంది. కార్ల ఇంజన్లు ఆపేసి దిగి, పడవవాళ్లతో మాట్లాడతారు. శాస్త్రవేత్తల ఊరు కదా, అన్నీ వాళ్ల తరహాలోనే ఉన్నాయి. మడుగు గట్టున ఒక చర్చి గంటల గోపురం ఉంది, 1929లో కట్టినది. అందులోని రెండు గంటల పేర్లు మెండెల్, పాశ్చర్. జన్యుశాస్త్రం చెప్పుకుని బతికినదాన్ని, ఆ గంట మోగితే చెయ్యి దానంతట అదే నమస్కారానికి లేచింది. అల్లుడు ఫోటో తీశాడు.

1888లో మొదలైన మెరైన్ బయలాజికల్ లాబొరేటరీ ఈ వీధిలోనే ఉంది. సముద్రం ఒడ్డున పార్కులో, సముద్రం గురించి పుస్తకాలు రాసిన రేచల్ కార్సన్ విగ్రహం, బల్ల మీద కూర్చుని నీళ్ల వైపు చూస్తూ ఉంటుంది. ఆమె 1929లో ఇక్కడికి చదువుకోవడానికి వచ్చేదాకా సముద్రం ఎరగదట. నేను ఆమె పక్కన కాసేపు కూర్చున్నాను. సముద్రం పక్కనే పుట్టినా నాకు దొరకనిది ఆమెకు దొరికింది కదా అని కొంచెం అసూయ.

పదకొండు నుంచి రెండు దాకా రేవు బల్లల మీద బోర్లా పడుకుని నీళ్లలోకి చూశాను. అరవై మూడేళ్ల మనిషి చీర కట్టుకుని చెక్క బల్లల మీద బోర్లా పడుకుంటే మన దగ్గర అంబులెన్సు పిలుస్తారు. ఇక్కడ దాటి వెళ్లేవాళ్లు వంగి, తామూ నీళ్లలోకి చూసి, "ఏమైనా కనిపించాయా?" అని అడిగి వెళ్లారు. కనిపించినవి: నాచు, ఒక పీత, చిన్న చేపల మంద, మావారి నీడ. "నీళ్లు చూడటానికి ఇంత దూరం వచ్చాం" అని నీడ అంది.

రెండున్నరకు ఒక అమ్మాయి వచ్చింది. రబ్బరు బూట్లు, నల్ల చొక్కా. చేతిలో పొడుగాటి కర్ర, దాని చివర టేపుతో చుట్టిన ప్లాస్టిక్ బీకరు. వల లేదు. అది చూడగానే లేచి కూర్చున్నాను. వల వాడనివాళ్లు దేనికోసం వచ్చారో నాకు తెలుసు. "మ్నెమియాప్సిసా?" అన్నాను. ఈ తీరపు టీనోఫోరా పేరు అది. ఆ అమ్మాయి ముఖం విప్పారింది. పరిశోధక విద్యార్థినట. "పోటు తిరిగేదాకా ఆగండి. ఆ స్తంభం పక్కన నీరు సుడి తిరిగే చోట చూడండి" అంది. మూడు గంటలుగా నేను చూస్తున్నది ఆ స్తంభం పక్కనే. చూస్తూనే ఉన్నాను, కనిపించలేదు. ఆమె కర్ర దించి, నిదానంగా, బావిలో జారిన చెంబును పైకి తీసినంత ఓపికగా పైకి తెచ్చింది. బీకరులో నీళ్లు. నీళ్లే.

అప్పుడు ఆమె బీకరును తన నల్ల చొక్కాకు ఆనించి, ఎండ పక్కనుంచి పడేలా కొద్దిగా తిప్పింది.

నిమ్మకాయంత ఉంది. అంచు మాత్రమే ఉంది, లోపల ఏమీ లేదు, బీకరులో ఒక గాజు గిన్నె బోర్లించినట్టు. ఆ అంచు మీదుగా రంగులు పరుగెత్తడం మొదలుపెట్టాయి. పైనుంచి కిందకు, ఎనిమిది దారుల్లో, ఒకదాని వెనక ఒకటి. ఎరుపు కాదు, ఆకుపచ్చ కాదు, ఒకటి ఇంకొకటిగా మారే చోటే అంతా. మా అమ్మకు నెమలికంఠం రంగు పట్టుచీర ఒకటి ఉండేది. మడత కదిపినప్పుడల్లా నీలం పోయి పచ్చ, పచ్చ పోయి నీలం వచ్చేది. ఆ చీరకు ప్రాణం వచ్చి, పోగు వెంట పోగు తనంతట తాను కదిలితే ఇలా ఉంటుంది. చీరలో రంగు అద్దకంలో ఉంది. ఇక్కడ రంగే లేదు. ఒక్కో దువ్వెన పలక వేల శైలికలు, అంటే కంటికి కనపడని సన్నటి వెంట్రుకల్లాంటివి, పక్కపక్కన అంటుకుని తయారైనది. ఆ పలకలు వరుసగా కొట్టుకుంటుంటే పడిన తెల్లటి వెలుగు చీలి రంగులవుతుంది. వెలుగు తీసేస్తే రంగూ లేదు. ఎండ మీదికి మబ్బు వచ్చింది, జీవి మాయమైంది. మబ్బు పోయింది, మళ్లీ వచ్చింది.

ముప్ఫై ఒక్క ఏళ్లు నేను గీసిన గీతలు నిలబడి ఉండేవి. అవి కదులుతాయని బాణం వేసి రాశానే గానీ, ఈ వేగం నల్లబల్ల మీద ఎలా వేయడం? శైలికలతో ఈదే జంతువుల్లో ఇంతకన్నా పెద్దవి లేవు. సూక్ష్మజీవుల తెడ్లతో అరచెయ్యంత ఒళ్లు నడుపుకుంటుంది. అమ్మాయి గోటితో బీకరును తట్టింది. ఎనిమిది వరుసలూ ఒక్కసారి ఆగాయి. మూడు లెక్కపెట్టేలోపు మళ్లీ పై కొననుంచి అల మొదలైంది. ఆ పై కొనలోనే దాని తూకపురాయి ఉంటుంది. ఇసుక రేణువుకన్నా చిన్న రాయి, నాలుగు శైలికల కుచ్చుల మీద, నాలుగు కాళ్ల పీట మీద పెట్టినట్టు. ఒళ్లు ఒక పక్కకు వాలితే ఆ పక్క కాలి మీద బరువు పడుతుంది. ఒక్కో కాలికి రెండు వరుసల మీద పెత్తనం. మెదడు లేదు. ఆ పీటే దానికి దిక్కు చెబుతుంది.

నా బొమ్మలోని పొడుగాటి స్పర్శకాలు దీనికి లేవు. అవి ప్లూరోబ్రాకియా అనే ఇంకో రకం టీనోఫోరాకు ఉంటాయి. ఇది పెద్దదయ్యేసరికి నోటికి రెండు వైపులా రెండు పెద్ద తమ్మెలు పెంచుకుని, వాటి మధ్య నుంచి నీటిని లాగుతుంది. ఒంటి ఆకారం చూసి ఇక్కడివాళ్లు దీన్ని సముద్రపు అక్రోటుకాయ అంటారు. మనవడు వేలు పెట్టవచ్చా అని అడిగాడు. పెట్టవచ్చు. జెల్లీ చేపలకున్నట్టు కుట్టే దంశకణాలు దీనికి లేవు, జిగురు కణాలతో మాత్రమే చిన్న జీవుల్ని అంటించుకుంటుంది. వాడి దోసిట్లో నీళ్లతోపాటు పోసింది అమ్మాయి. "బరువు లేదు అమ్మమ్మా. చల్లగా కూడా లేదు. నీళ్లంతే ఉంది" అన్నాడు. ఇన్నేళ్లలో నా విద్యార్థులెవరూ రాయని జవాబు.

తరువాత గంటసేపు నేనూ ఆ విద్యార్థినీ బల్ల మీద కాళ్లు వేలాడేసి మాట్లాడుకున్నాం. జంతువుల వర్గాల వరుసను నేను పాఠంలా వల్లించాను: పోరిఫెరా, నిడేరియా, టీనోఫోరా, ప్లాటిహెల్మింథిస్. స్పంజికలు మొదట, ఇవి మూడో అంతస్తు. ఆమె నవ్వి, 2023లో క్రోమోజోముల మీద జన్యువులు ఏ గుంపులుగా ఉన్నాయో పోల్చి చూసినవాళ్లు వీటినే జంతువుల చెట్టులో మొదట విడిపోయిన కొమ్మ అన్నారని చెప్పింది. స్పంజికల పక్షం వాళ్లు ఇంకా ఒప్పుకోలేదనీ, వాదన నడుస్తోందనీ కూడా చెప్పింది. అంటే మూడో పాఠం మొదటి పాఠం కావచ్చు. రిటైరయ్యాక తెలియడం ఒకందుకు మేలు, నోట్సు మార్చే పని లేదు.

ఇంకో తప్పు మాత్రం సిగ్గుపడేంతటిది. వీటికి పై కొన దగ్గర రెండు మలరంధ్రాలు ఉంటాయని చెప్పాను, రాయించాను, మార్కులు వేశాను. ఈ ఊరి ప్రయోగశాలకే చెందిన సిడ్నీ టామ్ అనే శాస్త్రవేత్త ఈ మ్నెమియాప్సిస్‌ని ఓపికగా గమనించి 2019లో ప్రకటించినది వేరు. మలద్వారం శాశ్వతంగా ఉండదు. అవసరమైనప్పుడు పేగు గోడ ఉబ్బి చర్మానికి తాకి, కలిసి, తెరుచుకుంటుంది. పని అయ్యాక ఆనవాలు లేకుండా పూడిపోతుంది. పెద్దవాటిలో గంటకోసారి, పిల్లల్లో పది నిమిషాలకోసారి. ఇది విన్న క్షణంనుంచి మనవడికి జంతుశాస్త్రం మీద అపారమైన ఆసక్తి పుట్టింది. ఆ రాత్రి భోజనాల బల్ల దగ్గర ఇంకో విషయం మాట్లాడనివ్వలేదు.

రెండు జీవులు ఒకటైపోయిన కథ కూడా ఈ నీళ్లదే. ఇక్కడ పట్టిన వాటిని తొట్టిలో ఉంచితే ఒకటి మామూలుకన్నా పెద్దగా, రెండు పై కొనలతో కనిపించిందట. గాయపడిన రెండు కలిసిపోయాయేమోనని అనుమానించి, కావాలనే కొన్నింటికి తమ్మె ముక్క కోసి జతలుగా పక్కపక్కన ఉంచారు. పది జతల్లో తొమ్మిది తెల్లారేసరికి అతుక్కున్నాయి. రెండు గంటల్లోనే కండరాల కదలికలు దాదాపు పూర్తిగా ఒక తాళానికి వచ్చాయి. ఒకదాని నోట్లో ఆహారం పెడితే రెండోదాని పేగులోకి వెళ్లింది. 2024లో ప్రచురించారు. మావారు ఇదంతా విని, "ఉమ్మడి ఖాతా" అన్నారు. ఆయన ఆ రోజు అన్న మాటల్లో ఇదొక్కటి పనికొచ్చింది.

ఆగస్టు 24, ఆదివారం: మళ్లీ అక్కడే, రాత్రిదాకా

పొద్దున టిఫిను ఒక పోర్చుగీసు బేకరీలో. అజోరెస్ దీవులనుంచి వచ్చిన కుటుంబాలు ఈ ప్రాంతంలో ఎక్కువ. మలసాడా అని నూనెలో వేయించి పంచదార అద్దినది ఒకటి ఇచ్చారు. కాస్త పుల్లగా, మెత్తగా, మన మైసూరు బోండాకు తీపి పట్టించినట్టు. కౌంటరు దగ్గర ముసలావిడ నా చీర కొంగు పట్టుకుని చూసి, వేలితో నేత తడిమి, వాళ్ల భాషలో ఏదో అని, రెండు మలసాడాలు ఊరికే సంచిలో వేసింది. డబ్బు ఇవ్వబోతే చేతి మీద ఒకటి వేసింది. నేను కారులోంచి మిగిలిన గారెలు నాలుగు తెచ్చి ఇచ్చాను. మధ్యలో చిల్లు చూసి ఆవిడ డోనట్ అనుకుంది. కొరికాక ముఖంలో వచ్చిన మార్పు నేను ఇప్పట్లో మరిచిపోను. అల్లం, పచ్చిమిర్చి చెప్పకుండా ఇవ్వడం నా తప్పే. అయినా మొత్తం తింది.

మధ్యాహ్నం మావారే అడిగారు, ఈ జీవితో ఎవరికైనా లాభమా నష్టమా అని. ఆయన భాషలో చెప్పాను. అట్లాంటిక్ తీరపు ఈ జీవి 1980ల మొదట్లో ఓడల అడుగున నింపే బరువు నీళ్లతో నల్లసముద్రం చేరింది. ఒక్కటే ఆడా మగా కూడా, తోడు లేకుండానే సంతానం. పెద్దది రోజుకు వేల గుడ్లు పెడుతుంది. అక్కడ దీన్ని తినేది లేదు. నెత్తళ్లు తినే చిన్న జీవుల్నీ, నెత్తళ్ల గుడ్లనూ పిల్లల్నీ ఇది తినేసింది. అప్పటికే వేట మితిమీరి ఉంది. దశాబ్దం చివరికి నల్లసముద్రంలో నెత్తళ్ల పట్టుబడి కూలిపోయింది. వలలు ఎత్తితే జిగురు వచ్చింది. 1997లో దీన్ని తినే ఇంకో టీనోఫోరా, బెరోయి, అక్కడికి చేరాక గానీ కొంత తెరిపి రాలేదు. అదీ పిలిచి తెచ్చినది కాదు. ఎండు నెత్తళ్ల పులుసు లేకుండా ఆదివారం గడవని ఇంటి మనిషి మావారు. ఆ పూట ఆయన నీళ్ల వైపు కొత్తగా చూశారు, పాత బాకీదారును చూసినట్టు.

రాత్రి తొమ్మిదిన్నరకు మళ్లీ రేవుకు. అమావాస్య వెళ్లి రెండు రోజులు, చంద్రుడు ఎప్పుడో గూటికి చేరాడు. నిన్నటి అమ్మాయి ఒక మాట చెప్పి పంపింది: "దీపం కింద వెతకొద్దు." మేము ముందు దీపం కిందనే వెతికాం. చీకట్లో మెట్లు కనపడవని అల్లుడి భయం. బకెట్టుతో మూడు పట్టాం. టార్చి వేసి మనవడు సంబరపడ్డాడు. టార్చి ఆపి, బకెట్టు కదిపి చూస్తే ఏమీ లేదు. నల్లటి నీళ్లు. వాడి ముఖం చిన్నబోయింది. అప్పుడు గుర్తొచ్చింది, పాఠంలో ఎప్పుడూ చెప్పని సంగతి. పగటి రంగులకూ రాత్రి మెరుపుకూ సంబంధం లేదు. పగటివి పడిన వెలుగు చీలితే వచ్చేవి. రాత్రిది దాని సొంత దీపం, జీవసందీప్తి. ఆ దీపానికి నూనెలాంటి ప్రోటీను వెలుగు సోకితే పనిచేయదు. చీకట్లో కాసేపు ఉంచితే మళ్లీ తయారవుతుంది. టార్చి వేసి మేమే దీపాలార్పాం.

బకెట్టు మీద మా అమ్మాయి తన కోటు కప్పింది. దీపానికి దూరంగా, రేవు చివరకు పోయి కూర్చున్నాం. దోమలు. మావారు రెండుసార్లు టైము అడిగారు. ఫోను తెర వెలిగించవద్దని మనవడు ఆయన్ని గద్దించాడు. అరగంట తరువాత కోటు తీసి, నేను వేలు ముంచి నీళ్లు మెల్లగా కలిపాను.

నీలమూ ఆకుపచ్చా కలిసిన వెలుగు, దువ్వెన వరుసల వెంటే, ఒక్కసారి గీత గీసినట్టు వచ్చి ఆరిపోయింది. మనవడు నా చెయ్యి పట్టుకున్నాడు. ఇంకోసారి. రెండోది కూడా వెలిగింది. ఈసారి ఎనిమిది వరుసలూ విడివిడిగా కనిపించాయి. తలెత్తి చూస్తే రేవు కింద, స్తంభాలకు నీరు తగిలే చోట, అక్కడక్కడా అదే వెలుగు పుడుతూ ఆరుతూ ఉంది. మేము వచ్చినప్పటినుంచీ వెలుగుతూనే ఉన్నాయి. మా టార్చి వల్ల మాకే కనపడలేదు. మావారు, "ఏదీ, ఇంకోసారి కలుపు" అన్నారు. ఇంకోసారి, ఇంకోసారి అని ఆయన ఎన్నిసార్లు అన్నారో లెక్కపెట్టలేదు. ఆయనే పెట్టి ఉంటారు. చివరికి బకెట్టు నీళ్లలోకి వంచినది కూడా ఆయనే, మెట్లు దిగి, పంచె తడవకుండా ఒక చేత్తో ఎత్తి పట్టుకుని.

ఆగస్టు 25, సోమవారం

తిరుగు దారి. చెప్పుకోవడానికి ఏమీ లేదు. మొత్తం నాలుగు రోజులకు ఐదుగురికి వెయ్యిన్నూట యాభై డాలర్లు అయ్యాయని మావారి డైరీలో ఉంది. లాబ్‌స్టర్ రోల్ విడిగా రాసి, కింద గీత గీశారు.

కాకినాడ

సెప్టెంబరు చివర్లో ఇంటికి చేరాం. మొన్న దసరా మామూలు కోసం మా అటెండరు వచ్చాడు. వచ్చే ఏడాది అతనూ రిటైరవుతాడు. సీసా ఇంకా అక్కడే ఉందట. కొత్త మేడం కూడా కడగనివ్వలేదట. కుర్చీ వేసి, ఫోను తీసి, నూట పన్నెండు ఫోటోలూ ఒక్కొక్కటిగా చూపించాను. బీకరు, నల్ల చొక్కా, మనవడి దోసిలి, చీకటి బకెట్టు. అతను కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ఫోను దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇందులో కూడా ఏమీ లేదు మేడం" అన్నాడు.